విశ్వవిద్యాలయాల నాటకాలు ఊరివాళ్లకూ చూపించండి

సంపాదకుడు గారికి,

మన విశ్వవిద్యాలయాల్లోని రంగస్థల కళల శాఖలు ఏటా నాటకాలు తయారుచేస్తున్నాయి. ప్రహరీగోడకు ఇవతల ఉన్నవాళ్లకు ఆ సంగతే తెలియదు. వారాల తరబడి రిహార్సల్స్ చేస్తారు, సెట్టు కడతారు, దుస్తులు కుట్టిస్తారు. పరీక్షకులు వస్తారు, ఒక సాయంత్రం ప్రదర్శన జరుగుతుంది, మార్కులు పడతాయి. మరునాటికి సెట్టు విప్పేస్తారు. ప్రజల డబ్బుతో నడిచే సంస్థ తయారుచేసిన నాటకాన్ని ప్రజలు చూడకుండానే కట్టిపెట్టడం నాకు బాధగా ఉంది.

ఆ మధ్య ఒక విశ్వవిద్యాలయంలో అలాంటి ప్రదర్శన చూశాను. బంధువుల అమ్మాయి అక్కడ చదువుతున్నందువల్ల నాకు కబురు అందింది. రోడ్డు మీద బ్యానరు లేదు, గేటు దగ్గర కాపలా మనిషికి నాటకం ఏ హాల్లోనో తెలియదు. లోపల సగం కుర్చీలు ఖాళీ. వేదిక మీద మాత్రం పిల్లలు ప్రాణం పెట్టి ఆడారు. ముసలి తండ్రి వేషం వేసిన అబ్బాయికి మొదట గొంతు కుదరలేదు. రెండో అంకం వచ్చేసరికి పాత్ర అతని చేతికి చిక్కింది. అదే నాటకం మరో నాలుగు రాత్రులు ఆడి ఉంటే ఆ అబ్బాయి ఎక్కడికి చేరేవాడు! ఏ సంభాషణకు జనం నవ్వుతారో, ఎక్కడ ఊపిరి బిగబడతారో, నవ్వు ఆగేదాకా ఎంతసేపు నిలబడాలో రిహార్సల్ గదిలో ఏ గురువూ నేర్పలేడు. ఒక్క ప్రదర్శనతో ఆ చదువు సగంలో ఆగిపోతున్నది.

విద్యార్థుల మేలు ఒక్కటే కాదు, తెలుగు నాటకం మేలు కూడా ఇందులో ఉంది. మాది తెనాలి. ఆంధ్ర నాటక కళాపరిషత్తు 1929లో పుట్టింది మా ఊళ్లోనే. పరిషత్తుల పోటీలే లేకపోతే ఈపాటికి నాటకం మనకు పేరుగా మాత్రమే మిగిలేది. ఆ రుణం నేను మరువను. అయితే ఒక రోజులో మూడు నాలుగు నాటికలు ఆడించాల్సిన పోటీల్లో ఒక్కోదానికి గంటకు మించి సమయం దొరకదు. మన రచయితలు ఆ గంటకు తగ్గ కథలనే ఎంచుకోవడానికి అలవాటు పడ్డారు. నాలుగైదు పాత్రలు, ఒకే ఇంటి హాలు, చివర్లో కన్నీళ్లు. రెండున్నర గంటల కొత్త నాటకం రాసినా దాన్ని ఎవరు ఆడతారు, ఎక్కడ ఆడతారు? నటీనటులు, దర్శకులు, హాలు, తీరిక అన్నీ ఒకే చోట ఉన్నది విశ్వవిద్యాలయాల్లోనే.

కన్యాశుల్కం సంగతే చూడండి. 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శించిన నాటకం అది. 1909లో గురజాడ పెంచి రాసిన రూపం ఒక్క రాత్రిలో ఆడలేనంత పెద్దది. అందుకే కత్తిరించిన రూపాలూ విడి రంగాలూ చూసి సరిపెట్టుకుంటున్నాం. దాన్ని రెండు మూడు రాత్రులకు పంచి, ఒక్క పాత్రను కూడా తీసేయకుండా ఆడగల బలగం ఎవరికుంది? ఆంధ్ర విశ్వవిద్యాలయమో, హైదరాబాదు విశ్వవిద్యాలయమో, తెలుగు విశ్వవిద్యాలయమో పూనుకుంటే నా వంటి వాళ్లం రైలెక్కి వెళ్లి చూస్తాం.

ఇది మనకు తెలియని విద్యేమీ కాదు. కె.వి.గోపాలస్వామి రిజిస్ట్రారుగా, అబ్బూరి రామకృష్ణారావు గ్రంథాలయాధికారిగా ఉన్న రోజుల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయం నాటకాన్ని సొంత పనిగా నెత్తికెత్తుకున్నది. అక్కడి అంతర్ కళాశాల నాటక పోటీల పేరు రాష్ట్రమంతటా వినబడేది. పక్కనే కర్ణాటకలో హెగ్గోడు అనే పల్లెటూరి నుంచి నీనాసం అనే నాటక సంస్థ వారి ‘తిరుగాట’ బృందం 1985 నుంచి ఏటా నాటకాలు సిద్ధం చేసుకుని కన్నడ ఊళ్లన్నీ తిరుగుతున్నది. ఒక పల్లె చేస్తున్న పని మన మహానగరాల విశ్వవిద్యాలయాలకు చేతకాదా? అమెరికాలో చదువుకుంటున్న మన పిల్లలను అడిగినా చెబుతారు: అక్కడి నాటక శాఖలు విద్యా సంవత్సరం మొదట్లోనే ఆ ఏటి నాటకాల పట్టిక ప్రకటిస్తాయి, ఒక్కో నాటకాన్ని ఒకటి రెండు వారాంతాలు ఆడతాయి, ఊరివాళ్లు టికెట్టు కొనుక్కుని వెళతారు.

జనం రారని ముందే తేల్చేయడం అన్యాయం. 1885లో కడప జిల్లాలో మొదలైన సురభి నాటక కుటుంబాలు తరాల పాటు టికెట్టు డబ్బుల మీదే బతికాయి. తేదీ, వేళ, చోటు తెలియని నాటకానికి మాత్రం ఎవరూ రాలేరు. ఖర్చు మాటకొస్తే, సెట్టూ దుస్తులూ మొదటి రాత్రికే సిద్ధమై ఉంటాయి. ఆ తర్వాతి రాత్రులకు కావలసింది హాలు, కరెంటు, పిల్లలకు భోజనాలు. యాభై రూపాయల టికెట్టు పెడితే అందులో కొంతైనా తిరిగి వస్తుంది. అధ్యాపకుల ఖాళీలు నింపకుండా శాఖల మీద ఇంకా భారం మోపమని నేను అనడం లేదు, ఆ ఖాళీలు ముందుగా నింపవలసినవే.

ఉపకులపతులకు నా విన్నపం ఇది. రాబోయే విద్యా సంవత్సరంలో మూడు నాటకాలు చాలు: ఒకటి పాతది, ఒకటి అనువాదం, ఒకటి ఇంతవరకు ఎవరూ ఆడని పూర్తి నిడివి కొత్త తెలుగు నాటకం. ఒక్కొక్కటి కనీసం అయిదు రాత్రులు ఆడించండి. తేదీలు జూలైలోనే ప్రకటించండి. ఆరున్నరకు తెర లేచి, ఆఖరి సిటీ బస్సు అందేలా ముగిస్తే ఆడవాళ్లూ పెద్దవాళ్లూ ధైర్యంగా వస్తారు. చివరి రెండు ప్రదర్శనలు విశ్వవిద్యాలయం బయట, దగ్గరి పట్టణంలో పెట్టండి. మా తెనాలిలో పెడితే మొదటి టికెట్టు నేనే కొంటాను.

మీ పత్రికకు కూడా ఒక మనవి. జిల్లా పేజీలో సినిమాల వేళలు వేసే చోట ఈ నాటకాల వేళలు కూడా రోజూ వేయండి, మొదటి రాత్రి మీ విలేకరిని పంపి సమీక్ష రాయించండి.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలు,
తెనాలి.