మంత్రిగారూ, మగ్గం ఆగిన గంటకు కూలి ఎవరిస్తారు?

తెలంగాణ పర్యాటక శాఖ మంత్రిగారికి నమస్కారం.

అమెరికా నుంచి వచ్చిన మా ఆడబిడ్డనూ, ఆమె పిల్లలనూ మొన్నామధ్య భూదాన్ పోచంపల్లి తీసుకెళ్లాను. 1951 ఏప్రిల్ 18న వెదిరె రామచంద్రారెడ్డి లేచి నిలబడి, వినోబా భావేకు వంద ఎకరాలు ఇస్తానన్న ఊరది. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది కూడా. ఇవన్నీ మీకు తెలిసినవే. నేను రాస్తున్నది అక్కడ ఒక ఇంట్లో గడిపిన గంట గురించి.

మేం వెళ్లేసరికి ఇంటాయన గుంట మగ్గంలో కూర్చుని నేస్తున్నాడు. మమ్మల్ని చూసి లేచాడు. పక్కనే ఆయన భార్య, చట్రానికి బిగించిన నూలు మీది గీతలు చూసుకుంటూ, సైకిల్ ట్యూబు కోసిన రబ్బరు పీలికలతో చిటికి కడుతోంది. కట్టిన చోట రంగు ఎక్కదు. విప్పి, మళ్లీ కట్టి, ఇంకో రంగులో ముంచుతారు. లెక్క కాస్త తప్పినా చీర మీద పువ్వు చెదిరిపోతుంది. పిల్లలు వీడియోలు తీశారు, మగ్గం తొక్కి చూశారు. రోజూ ఇలాగే వస్తారా అని అడిగితే, "ఐతారం వస్తె మగ్గంల కూసునుడు తక్కువ, లేసుడు ఎక్కువ మేడం" అని నవ్వాడాయన.

ఆయనకు కూలి చీర లెక్కన. మాతో మాట్లాడిన గంటకు పైసా రాదు. మేం చీరలు కొన్నదేమో రోడ్డు మీద షాపులో! తిరిగొస్తుంటే కార్లో నాకే సిగ్గేసింది.

కాబట్టి టికెట్ పెట్టండి. ఆ డబ్బు సందర్శకులు వెళ్లిన ఇంటికే అందాలి, మీ శాఖ ఖాతాకు కాదు. ఇళ్లకు వంతులు వేయండి, గుంపుకు పదిమంది చాలు. అహ్మదాబాద్‌లో పాత వస్త్రాలు చూపించే కాలికో మ్యూజియంలోకి ముందుగా పేరు రాయించుకున్న కొద్దిమందినే పంపుతారు. ఎవరూ గొడవ చేయడం లేదు కదా.

మరొకటి. చీరలను అద్దాల వెనక పెట్టి చూపిస్తే ఆ పని సగమే తెలుస్తుంది. ఆసు పోయడానికి, అంటే నేసేముందు నూలును మేకుల చుట్టూ చేత్తో వరుసగా తిప్పడానికి, తల్లి లక్ష్మి చేతులు పడే కష్టం చూడలేకే చింతకింది మల్లేశం యంత్రం తయారుచేసి, ఆమె పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఊళ్లో సందర్శకుల కోసం ఒక పాత చేతి ఆసు పెట్టించండి. వచ్చినవాళ్లను పది నిమిషాలు పోయమనండి. ఆ తర్వాత చీర దగ్గర బేరమాడటానికి నోరు రాదు.

వీలైతే ఒక ఆదివారం, ముందు చెప్పకుండా, కాన్వాయ్ లేకుండా మీరే వెళ్లండి. మిమ్మల్ని చూసి ఆయన మగ్గంలోంచి లేస్తాడు. మళ్లీ ఎప్పుడు కూర్చున్నాడో గడియారం చూసుకోండి.

ఇట్లు,
హైదరాబాద్ నుంచి ఒక సందర్శకురాలు