వార్షిక నివేదిక: పుస్తకాల షాపుల్లో కదలని స్టాకు మీద మన పని

సభ్యులందరికీ నమస్కారం.

చదివేవాళ్లు లేకే చిన్న పుస్తకాల షాపులు మూతపడుతున్నాయని అందరూ అంటారు. అది సగమే నిజం. అమ్ముడుపోని ప్రతుల్లో డబ్బు ఇరుక్కుపోయి, కొత్తవి తెప్పించుకోలేక ముందు షాపు నీరసిస్తుంది, జనం రావడం ఆ తర్వాతే మానేస్తారు. అందుకే ఈ ఏడాది స్టాకు, రిటర్నుల (అమ్ముడుపోని ప్రతులను డిస్ట్రిబ్యూటర్‌కు వెనక్కి పంపడం) మీదే ఎక్కువగా పనిచేశాం.

ముఖవెల, అంటే పుస్తకం మీద ముద్రించిన ధర, 100 రూపాయలు అనుకోండి. 35 శాతం కమీషన్ మీద షాపుకు ఒక్కో ప్రతీ 65కి పడుతుంది. నాలుగు తెచ్చి మూడు అమ్మితే చేతికి వచ్చేది 40. రెండే అమ్మితే 60 లోటు. అద్దె, జీతాలు ఇంకా ఈ లెక్కలోకి రానేలేదు. ఆన్‌లైన్‌లో 30 శాతం తగ్గించి ఇస్తున్నారని షాపూ తగ్గిస్తే ప్రతికి మిగిలేది 5.

పుస్తకం రాగానే చివరి పేజీలో పెన్సిలుతో, సన్నగా, వచ్చిన నెల, బిల్లు నంబరు రాయాలి. స్టిక్కర్ వద్దు. పీకితే అట్ట మీద పొర లేచిపోతుంది, జిగురు మిగులుతుంది, ఆ ప్రతిని వెనక్కి తీసుకోరు. మూడు నెలలకోసారి అరలు చూసి, వెనక్కి పంపే గడువు ఇంకా ఉండగానే కదలనివి పక్కకు తీయాలి. ఏ డిస్ట్రిబ్యూటర్ బిల్లు మీద వచ్చిందో అక్కడికే పంపాలి. వెనక్కి పంపినవాటి డబ్బు మన ఖాతాలో జమ చేసే క్రెడిట్ నోట్లు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడ పొరపాటు జరిగితేనే. పెట్టెలో బరువైనవి అడుగున, పడుకోబెట్టి, వెన్నులు ఒకటి అటు ఒకటి ఇటు వచ్చేలా పేర్చితే దొంతర ఒరగదు, మూలలు నలగవు. మూత వేసేముందు లోపల జాబితా ఉంచి ఫోటో తీయాలి.

ఆర్డర్లలో జరిగే తప్పులకు మందు ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకం ఒక్కో ముద్రణ రూపానికి ఇచ్చే గుర్తింపు నంబరు. పేపర్‌బ్యాక్‌కు ఒక నంబరు, గట్టి అట్టకు ఇంకొకటి. పేరు చెప్పి తెప్పిస్తే వేరే ముద్రణ వచ్చి పడుతుంది. 13 అంకెల్లో చివరిది సరిచూపు అంకె కాబట్టి, ఒక అంకె తప్పు కొడితే కంప్యూటర్ పట్టేస్తుంది.

పఠన సమావేశాలు యథావిధిగా జరిగాయి. అవి మనుషుల్ని కలుపుతాయి, అమ్మకాలను పెద్దగా పెంచవు.

అందరూ ఒకే ధరకు అమ్మేలా, ఎక్కువ తగ్గింపు ఇవ్వకుండా చూసే స్థిర ధర చట్టం కావాలని కొందరు సభ్యులు కోరారు. ఫ్రాన్స్‌లో 1981 నాటి చట్టం ప్రకారం కొత్త పుస్తకాలపై తగ్గింపు 5 శాతం దాటకూడదు. బ్రిటన్‌లో అలాంటి ఒప్పందం 1990లలో కూలిపోయింది. పాఠకుడి జేబుకు కాస్త భారమైనా మేం ఈ చట్టం కోరికను సమర్థిస్తున్నాం.

ఒక విన్నపం. ప్రత్యేకంగా తెప్పించమన్న పుస్తకానికి సగం డబ్బు ముందే కట్టండి, రాగానే తీసుకెళ్లండి. అలాంటి ప్రతులను చాలాచోట్ల వెనక్కి తీసుకోరు.