బ్రాడ్‌వే వైపు గోడ ఇంకా రాలేదు

కస్టమర్ సర్వీస్ విభాగం పెద్దగారికి,

విషయం: ఫ్లాట్‌ఐరన్ బిల్డింగ్ కిట్‌లో రాని గోడ, నన్ను అడగకుండా మీరు మూసేసిన ఫిర్యాదు

నమస్కారం. మీ పేరుతో సంబోధిద్దామనుకున్నాను. కానీ మీ కంపెనీలో పేరు చెప్పే అధికారం ఎవరికీ ఉండదని మీ ఏజెంట్లు నాకు బాగా నేర్పారు కాబట్టి హోదాతోనే సరిపెడుతున్నాను. ఈ ఉత్తరం చదువుతున్నది మనిషే అయితే దయచేసి చివరిదాకా చదవండి. చాట్‌బాట్ చదువుతుంటే మాత్రం, నాయనా, నువ్వు పక్కకు తప్పుకో. నీతో మాట్లాడాల్సిందంతా ఇదివరకే మాట్లాడేశాను.

వచ్చిన లోపం గురించి రెండు ముక్కల్లో చెప్పేస్తాను, ఎందుకంటే అసలు గొడవ అది కాదు. ఇంట్లో బొమ్మ రైళ్లు తిరిగే నా లేఅవుట్ కోసం, పేరున్న భవనాల నమూనాలు అమ్మే మీ ల్యాండ్‌మార్క్ సిరీస్‌లో ఎన్ స్కేల్ (అంటే అసలుకు 160వ వంతు, 1:160) ఫ్లాట్‌ఐరన్ బిల్డింగ్ కొన్నాను. న్యూయార్క్‌లో ఫిఫ్త్ అవెన్యూ, బ్రాడ్‌వే అనే రెండు వీధుల మధ్య ఉన్న ముక్కోణపు భవనం. రెండు పొడుగు గోడలు, వెనక ఒక పొట్టి గోడ ఉండాలి. డబ్బాలో ఫిఫ్త్ అవెన్యూ వైపు గోడలే రెండు వచ్చాయి. బ్రాడ్‌వే వైపుది రాలేదు. అంతే. ప్యాకింగ్‌లో పొరపాట్లు జరుగుతాయి, నేనూ మనిషినే, అర్థం చేసుకోగలను. ఫోన్ చేస్తే రెండో రోజుకల్లా సర్దుబాటయ్యే పని అనుకున్నాను.

"రెండూ గోడలే కదా సార్, ఒకటి తిప్పి పెట్టేయండి" అన్నాడు మొదట ఫోనెత్తిన అబ్బాయి. ఆయన మాట ఎందుకు కాదనాలని తిప్పి పెట్టి చూశాను. కిటికీల చుట్టూ ఉన్న నగిషీ అంతా భవనం లోపలికి పోయింది. అచ్చులోంచి పిన్నులు తోసినచోట మిగిలే గుండ్రటి మచ్చలు ఉంటాయే, అవి వరసగా వీధి వైపు వచ్చి నిలబడ్డాయి. పైగా పొడవు చాలలేదు. ఎలా చాలుతుంది? ఫిఫ్త్ అవెన్యూ, 22వ వీధి లంబకోణంలో కలుస్తాయి. బ్రాడ్‌వే ఏటవాలుగా కోసుకుంటూ పోతుంది. అంటే బ్రాడ్‌వే వైపు గోడ ఆ త్రిభుజానికి కర్ణం. ఈ సంగతి చెబితే మీ అబ్బాయి కాసేపు ఆగి "కొంచెం అడ్జస్ట్ చేసుకోండి సార్" అన్నాడు. ఎవరు అడ్జస్ట్ కావాలి, నేనా, పైథాగరసా? వెనక మూల రెండు వేళ్లు దూరేంత సందు మిగిలింది. లోపల ఎల్ఈడీ వేస్తే వెలుగంతా ఆ సందులోంచే కారుతోంది. రైలు ఆ మలుపు తిరిగినప్పుడల్లా ముందు కళ్లలో పడేది అదే.

అసలు భవనం 1902లో పూర్తయినప్పుడు గాలికి పడిపోతుందేమోనని జనం భయపడ్డారు. లోపల ఉక్కు చట్రం ఉంది కాబట్టి ఇప్పటికీ నిలబడే ఉంది. నా దగ్గరున్న దానికి గాలివాన అక్కర్లేదు, ఫ్యాన్ వేస్తే చాలు.

సరే, ఇక మీ వాళ్ల సంగతికి వస్తాను.

మొదట మీ వెబ్‌సైట్‌లో చాట్‌బాట్‌ను పలకరించాను. మోడల్ ట్రైన్ లేఅవుట్ కోసం కొన్న భవనమని రాశాను. "రైళ్ల ఆలస్యం, టికెట్ల రద్దు వివరాలకు రైల్వే వారిని సంప్రదించగలరు" అంది. భవనానికి గోడ లేదని రాశాను. "మీరు సురక్షితంగా ఉన్నారా?" అని అడిగింది. మీ కంపెనీ మొత్తం మీద నా క్షేమం అడిగింది అదొక్కటే కనుక దాని మీద నాకు పెద్దగా కోపం లేదు.

తర్వాత ఫోన్. డెలివరీకి ఒకటి నొక్కండి, రీఫండ్‌కి రెండు నొక్కండి, కొత్త ఆఫర్లకు మూడు నొక్కండి. విడిభాగాలకు ఏ అంకే లేదు. "ఇతర సమస్యలు" నొక్కితే మళ్లీ మొదటికొచ్చి డెలివరీకి ఒకటి నొక్కమంటుంది. ఎలాగో మనిషి గొంతు వినబడేసరికి, అంతసేపు విన్న ఆ హోల్డ్ మ్యూజిక్ బుర్రలోంచి పోక, నేనెందుకు ఫోన్ చేశానో నాకే ఒక క్షణం గుర్తురాలేదు. ఎన్నిసార్లు చేశానన్న లెక్క మీ కంప్యూటర్‌లో ఉంటుంది, చూసుకోండి. ప్రతిసారీ కొత్త గొంతు, ప్రతిసారీ కథ మొదటినుంచి. పాత ఫిర్యాదు నంబరు చెబితే "ఇక్కడ నాకు ఏ నోట్సూ కనబడటం లేదు సార్" అనడం. గోడ లేదని గోడకే చెప్పుకున్నట్టు అయింది నా పని.

ఒకాయన "మీ బాధ నాకు పూర్తిగా అర్థమైంది సార్" అని మొదలుపెట్టాడు. హమ్మయ్య అనుకున్నాను. వెంటనే "ఇంతకీ ఏ ప్రాడక్ట్ సార్?" అన్నాడు. ఏ వస్తువో తెలియకముందే పూర్తిగా అర్థమైపోయే బాధ ఎలాంటిదో ఆయనకే తెలియాలి.

ఇంకొకావిడ రాని భాగం ఫోటో పంపమన్నారు. రాలేదమ్మా, రానిదాన్ని ఫోటో ఎలా తీయను అన్నాను. "ఫోటో లేకపోతే సిస్టమ్ ముందుకు వెళ్లనివ్వదు సార్" అన్నారు. సిస్టమ్ మాట కాదనలేక, లేఅవుట్ కింద ఉండే బేస్‌బోర్డ్ మీద ఆ గోడ ఉండాల్సిన చోటు ఫోటో తీసి పంపాను. ఖాళీ బోర్డు, పక్కన కొంచెం ట్రాక్. మర్నాడు జవాబొచ్చింది: "ఫోటోలో లోపం స్పష్టంగా కనబడటం లేదు." ఆ తర్వాత డబ్బా తెరుస్తున్నప్పుడు తీసిన వీడియో కావాలన్నారు. ఇంట్లో బొమ్మ భవనం డబ్బా విప్పుకోవడానికి కెమెరా పెట్టుకుని కూర్చోవాలని మీ డబ్బా మీద ఎక్కడ రాశారో చెప్పండి.

అన్నిటికంటే పెద్ద ఘనకార్యం ఇది. ఒక రోజు ఒకతను భలే హుషారుగా "రీప్లేస్‌మెంట్ పెట్టేస్తున్నా సార్, ల్యాండ్‌మార్క్ చెప్పండి" అన్నాడు. సిరీస్ పేరే ల్యాండ్‌మార్క్ కదా, ఏ భవనం అని అడుగుతున్నాడనుకుని "ఫ్లాట్‌ఐరన్ బిల్డింగ్" అన్నాను. "ఓకే సార్, దానికి ఎదురుగానా, పక్కనా?" అన్నాడు. అప్పటికి నాకు వెలిగింది. ఆయన అడుగుతున్నది మా ఇంటి గుర్తు. వివరంగా చెప్పి, సరిచేయమని బతిమాలాను. "చేసేశాను సార్" అన్నాడు. తర్వాత ట్రాకింగ్‌లో చూస్తే పార్సిల్ బయల్దేరింది, రెండు మూడు ఊళ్లు తిరిగింది, "చిరునామా దొరకనందున పంపినవారికి తిప్పి పంపబడింది" అని తేలింది. అంటే నా గోడ మీ దగ్గరే ఉంది! ఏదో గోడౌన్‌లో ఏదో అరలో పడి ఉంది. ఈ మాట చెబితే "రిటర్న్ వచ్చిన స్టాకుకి మాకు యాక్సెస్ ఉండదు సార్" అన్నారు.

దాని బదులు ఈఫిల్ టవర్ పంపుతామన్నారు. 1889 ప్రపంచ ప్రదర్శన కోసం పారిస్‌లో కట్టిన టవర్‌ను తెచ్చి న్యూయార్క్ నడిబొడ్డున పెట్టుకోవాలట. వద్దంటే "కాళ్ల మధ్యనుంచి ట్రాక్ వేసుకోవచ్చు సార్, లుక్ బాగుంటుంది" అని సలహా కూడా ఇచ్చారు. పుండు మీద కారం చల్లడమంటే ఇదే.

న్యాయంగా ఒక్క మాట చెప్పాలి. మధ్యలో ఒకమ్మాయి మాట్లాడింది. నేను చెప్పిందంతా ఓపిగ్గా విని, చివర్లో గొంతు తగ్గించి, "సార్, విడిభాగాల విభాగమని మీకు చెబుతున్నారు గానీ, అక్కడ ఎత్తేవాళ్లు ఎవరూ లేరు" అంది. ఆ అమ్మాయిని ఏమీ అనకండి. రికార్డింగు వెతికి పట్టుకుని శిక్షించాలనిపిస్తే, ముందు సూపర్‌వైజర్ గారిని వెతకండి. నేను ఎప్పుడు చేసినా ఆయన మీటింగ్‌లోనే ఉన్నారు. బహుశా ఇంకా అక్కడే ఉండి ఉంటారు.

నేను నిన్నమొన్న వచ్చిన కస్టమర్‌ని కాదు. ఈ సిరీస్ మొదలైనప్పటి నుంచి మీ దగ్గరే కొంటున్నాను. వూల్‌వర్త్, క్రైస్లర్, ఎంపైర్ స్టేట్, గ్రాండ్ సెంట్రల్, అన్నీ మీవే. గ్రాండ్ సెంట్రల్ ముఖద్వారం పైన గడియారం మీద నిలబడి ఉండే రోమన్ దేవుడు మెర్క్యురీ విగ్రహం చెయ్యి విరిగి వస్తే జిగురు పెట్టి నేనే అతికించుకున్నాను. మిమ్మల్ని ఒక్క మాట అడగలేదు. మీ ఎంపైర్ స్టేట్ నా నడుం దాకా కూడా రాదు. 381 మీటర్ల భవనాన్ని నిజంగా 1:160లో చేస్తే రెండు మీటర్ల 38 సెంటీమీటర్లు రావాలి. సగానికి పైగా అంతస్తులు మింగేశారు. అందుకు ఉత్తరం రాశానా? లేదు. అలా కుదించకపోతే గదిలో పట్టవని లేఅవుట్ కట్టే ప్రతివాడికీ తెలుసు. వెనక గోడకు కట్టే బొమ్మల తెర దగ్గర ఇంకా చిన్నవి, 1:220 భవనాలు పెట్టి, అవి దూరంగా ఉన్నట్టు కంటికి భ్రమ కల్పించుకునేవాళ్లం మేము. మా కళ్లను మేమే మోసం చేసుకుంటాం. ఆ పని మీకు అప్పగించలేదు.

ఇదంతా నడుస్తుండగానే ఒక ఉదయం మీ దగ్గర్నుంచి రెండు మెయిళ్లు వచ్చాయి. ఒకటి: "మీ ఫిర్యాదు విజయవంతంగా పరిష్కరించబడింది. మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు?" ఎవరు పరిష్కరించారు, ఏం పరిష్కరించారు? ఒక్క స్టారు కూడా ఇవ్వకుండా పంపిద్దామంటే మీ ఫారం ఒప్పుకోదు, కనీసం ఒకటైనా నొక్కాల్సిందే. ఆ ఒక్క స్టారు ఆ అమ్మాయిదని లెక్క రాసుకోండి.

రెండో మెయిల్ ఇంకా బాగుంది. "మా అభిమాన కస్టమర్లకు మాత్రమే! పాత పెన్సిల్వేనియా స్టేషన్, ఇప్పుడే ప్రీ-ఆర్డర్ చేయండి." ఏ స్టేషన్ ఎంచుకున్నారండీ! 1910లో న్యూయార్క్‌లో తెరిచిన ఆ మహా కట్టడాన్ని 1963లో కూల్చడం మొదలుపెడితే, జనం గోల పెట్టినా వినాల్సినవాళ్లు వినలేదు. ఆ కోపంలోంచే 1965లో న్యూయార్క్‌లో చారిత్రక కట్టడాల రక్షణ చట్టం వచ్చింది. ఆ చట్టం ఉండబట్టే గ్రాండ్ సెంట్రల్ నెత్తిన ఆఫీసు టవర్ లేపుతామన్నవాళ్లు 1978లో అమెరికా సుప్రీంకోర్టులో ఓడిపోయారు. మాట వినకపోతే జనం ఎంతదాకా వెళతారో మీరు అమ్మే డబ్బాలోనే ఉంది. ఒకసారి తెరిచి చూసుకోండి. అందులోనైనా గోడలన్నీ ఉంటాయనుకుంటాను.

ఇంకో లెక్క చెబుతాను. ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ పని 1930 మార్చిలో మొదలైంది, 1931 మే 1న ప్రారంభోత్సవం జరిగింది. 102 అంతస్తులు. అవతల అంత పెద్ద ఆర్థిక మాంద్యం నడుస్తోంది. మీరు మూరెడు ప్లాస్టిక్ గోడను ఒక అరలోంచి తీసి ఒక కవర్లో పెట్టాలి. ఈ లెక్కన ఎవరు ముందు పూర్తి చేస్తారో తెలియడం లేదు.

ఇప్పుడు నాకు ఏం కావాలంటారా? మొదట్లో అయితే గోడ ఒక్కటే కావాలనేవాణ్ణి. ఆ రోజులు పోయాయి. గోడ ఎలాగూ రావాలి, అది బ్రాడ్‌వే వైపుదే కావాలి, ఫిఫ్త్ అవెన్యూది మూడోది పంపితే నేను ఊరుకోను. నన్ను అడగకుండా ఫిర్యాదు ఎందుకు మూశారో రాతపూర్వకంగా కావాలి. మీ కంపెనీలో పేరున్న మనిషి ఎవరైనా తన పేరు చెప్పి నాతో మాట్లాడాలి. మీరిస్తానన్న పది శాతం కూపన్ మీరే ఉంచుకోండి, దాంతో విడిభాగాల విభాగానికి ఒక ఫోన్ కొనండి.

ఇవేవీ జరగకపోతే వినియోగదారుల కోర్టుకు వెళతాను. కాల్ వివరాలు, మెయిళ్లు, మీ వాళ్లకు స్పష్టంగా కనబడని ఆ ఖాళీ బోర్డు ఫోటో, అన్నీ ఒక ఫైల్లో పెట్టాను. మా మోడల్ రైళ్ల క్లబ్బులో పెన్సిల్వేనియా స్టేషన్ ప్రీ-ఆర్డర్ చేద్దామని అనుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లందరికీ ఈ ఉత్తరం కాపీ వెళుతోంది. అంతకీ కదలకపోతే మీ భవనాలన్నీ లేఅవుట్ మీదనుంచి పీకి, డబ్బాల్లో సర్ది, మీ ఆఫీసుకే పంపిస్తాను. మీ ఇతర కస్టమర్లకు రాని గోడలు వాటిలోంచి ఊడదీసి పంపించుకోండి.

ఇట్లు,
మీ సిస్టమ్‌లో నోట్సు లేని పాత కస్టమర్

తా.క. పార్సిల్ పంపేటప్పుడు ల్యాండ్‌మార్క్ గడి ఖాళీగా వదిలేయండి. చిరునామా పూర్తిగానే ఉంది.