హెచ్చరికలన్నీ పెద్దక్షరాల్లోనే ఉంటే ఎలా?

సంపాదకుల వారికి,

మోటారు, ఇన్వర్టర్, స్టెబిలైజర్ ఏది కొన్నా డబ్బాలో ఇంగ్లిష్ మాన్యువల్ ఒకటి వస్తుంది. చాలావాటిలో హెచ్చరికల పేజీ మొదటి నుంచి చివరిదాకా క్యాపిటల్ అక్షరాలే. నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ ల్యాబ్ చూస్తాను. అక్కడి ఒక ఇన్వర్టర్ మాన్యువల్‌లో 'పొడిగుడ్డతో తుడవాలి' అన్న వాక్యం, 'కరెంటు ఆపాక కూడా కెపాసిటర్లలో చార్జ్ ఉంటుంది, కాసేపు ఆగాకే మూత తీయాలి' అన్న వాక్యం ఒకే సైజులో, ఒకే పెద్దబడి అక్షరాల్లో పక్కపక్కనే ఉన్నాయి. మొదటిది వదిలేస్తే దుమ్ము పడుతుంది, అంతే. రెండోది వదిలేస్తే ప్రాణం మీదికి వస్తుంది. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలు ఆ పేజీని కూడబలుక్కుని నాలుగు లైన్లు చదివి తిప్పేస్తున్నారు. వాళ్లను తప్పుపట్టలేను.

ఇంగ్లిష్ చిన్నక్షరాల్లో కొన్ని పైకి, కొన్ని కిందికి సాగుతాయి కాబట్టి మాట చప్పున కంటికి ఆనుతుందంటారు. క్యాపిటల్స్ అన్నీ ఒకే ఎత్తు. అన్నీ వాటిలోనే ఉంటే చదవడం నెమ్మదిస్తుందని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త మైల్స్ టింకర్ ఎన్నడో ప్రయోగాలతో చూపించారు. టెలిప్రింటర్ల కాలం నుంచి వాతావరణ సూచనలన్నీ క్యాపిటల్స్‌లోనే ఇచ్చిన అమెరికా జాతీయ వాతావరణ సంస్థ కూడా 2016 మేలో ఆ పద్ధతి మార్చుకోవడం మొదలుపెట్టింది. ప్రమాదం తీవ్రతను నొక్కి చెప్పాల్సిన చోటికి మాత్రం వాటిని అట్టిపెట్టుకుంది. మనకు కావలసిందీ అదే.

సాఫ్ట్‌వేర్ డాక్యుమెంట్లది మరో తీరు. యూజర్, సర్వర్, రిపోర్ట్ అంటూ కనిపించిన ప్రతి మాటకూ మొదటి అక్షరం క్యాపిటల్ పెట్టేస్తారు. దాంతో తెరమీద ఉన్న బటన్ పేరేదో, మామూలు మాటేదో కొత్తవాళ్లకు అర్థం కాదు. గూగుల్, మైక్రోసాఫ్ట్ తమ రచనా మార్గదర్శకాల్లో శీర్షికల్లో కూడా మొదటి మాటకు, పేర్లకు తప్ప క్యాపిటల్స్ వద్దంటున్నాయి. హైదరాబాద్‌లో ఇలాంటి డాక్యుమెంట్లు రాయడమే వృత్తిగా ఉన్నవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్లయినా తమ టీముల్లో ఈ సంగతి గట్టిగా పట్టుబట్టాలి.

ప్రభుత్వ కాలేజీలకు పరికరాలు కొనేటప్పుడు టెండర్‌లోనే ఒక షరతు పెట్టాలని సాంకేతిక విద్యాశాఖను కోరుతున్నాను. ప్రాణాపాయం గురించి చెప్పే వాక్యాలే పెద్దక్షరాల్లో ఉండాలి, మిగతాదంతా మామూలుగా ఉండాలి. దాంతోపాటు తెలుగులో ఒక భద్రతా పత్రం ఇవ్వాలి. మన లిపిలో క్యాపిటల్స్ లేవు కనుక అందులో ఆ వాక్యాలను లావు అక్షరాల్లో, ఎర్ర గడి కట్టి, అన్నిటికంటే పైన అచ్చువేయాలి.

– ఒక పాలిటెక్నిక్ అధ్యాపకుడు, వరంగల్