చిన్నీ, ఆ టెస్టు సంగతి

చిన్నీ,

ఫోన్లో ఈ మాట ఎత్తితే చాలు "మమ్మీ, మీటింగుంది" అని పెట్టేస్తున్నావు, అందుకే రాస్తున్నా. 34 వచ్చాయి, ఇంతవరకూ ఒక్కసారి కూడా పాప్ టెస్ట్, అదే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ని ముందే పసిగట్టే పరీక్ష, చేయించుకోలేదు. ఆఫీసులో ఏటా హెల్త్ చెకప్ అవుతోంది కదా అంటావు. ఆ రిపోర్టు నేనూ చూశాను, షుగరు, థైరాయిడు, విటమిన్ డి అన్నీ ఉన్నాయి, ఇదొక్కటే లేదు.

"నాకే ప్రాబ్లమూ లేదుగా" అంటావు మళ్ళీ. ఏ ప్రాబ్లమూ లేనప్పుడు చేయించుకునే టెస్టే ఇది. గర్భాశయ ముఖద్వారం దగ్గర కణాలు మారడం మొదలై క్యాన్సర్ దాకా వెళ్ళడానికి మామూలుగా పది పదిహేనేళ్ళు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది, అన్నేళ్ళూ నొప్పి ఉండదు, ఏమీ తెలీదు. బ్లీడింగ్ కనపడేసరికి చాలామందికి ముదిరిపోయి ఉంటుంది. ముందే దొరికితే ఆ కాస్త భాగం వరకూ తీసేస్తారు, ఎక్కువగా అదే రోజు ఇంటికొచ్చేయొచ్చు. మన దేశంలో 2022లో సుమారు 1,27,000 మందికి కొత్తగా వచ్చిందని అంచనా, ఆ ఏడాదే 80,000 మంది దాకా పోయారు. మీ పెద్దమ్మ వైద్యం కోసం రెడ్ హిల్స్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి తిరిగినప్పుడు, ప్లాస్టిక్ కవర్లో ఫైళ్ళు పట్టుకుని జిల్లాల నుంచి వచ్చి మెట్ల మీద కూర్చున్న ఆడవాళ్ళు నాకింకా గుర్తే.

టెస్టంటే భయమైతే చెప్తా విను. బల్ల మీద పడుకోబెట్టి మోకాళ్ళు మడవమంటారు, బాతు ముక్కు లాంటి స్పెక్యులం పెడతారు, అది చల్లగా తగిలి ఒళ్ళు బిగుసుకుంటుంది, అప్పుడు నోటితో ఊపిరి వదులు. చిన్న బ్రష్‌తో ఒక్క తిప్పు తిప్పి సీసాలో వేస్తారు, అంతే, ఐదు నిమిషాలు కూడా పట్టదు. లేడీ డాక్టరే కావాలని ముందే అడుగు, సిగ్గేం లేదు. పీరియడ్స్ లేని రోజు చూసుకో, ముందు రెండు రోజులు మీ ఇద్దరూ కలవొద్దు, లోపల క్రీములూ వాడొద్దు.

పాప్ ఒక్కటే అయితే మూడేళ్ళకోసారి. ఈ క్యాన్సర్ తెచ్చే వైరస్ ఉందేమో చూసే హెచ్‌పీవీ టెస్ట్ అయితే ఐదేళ్ళకోసారి చాలు, నన్నడిగితే అదే మేలు. అందులో పాజిటివ్ వస్తే మాత్రం ఎవరి మీదా అనుమానం పెట్టుకోకు, నీ మీదా, అల్లుడి మీదా. పెళ్ళయిన వాళ్ళలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు సోకే వైరస్ అది, ఎక్కువ మందిలో ఒకటి రెండేళ్ళలో దానంతటదే పోతుంది. పోకుండా ఉండిపోయేదే ప్రమాదం. రిపోర్టులో తేడా ఉందంటే క్యాన్సర్ అని కాదు, కాల్పోస్కోపీ చేసి దగ్గరగా చూస్తారు. గూగుల్లో వెతుక్కుంటూ రాత్రంతా టెన్షన్ పడకు.

మీ అత్తగారికీ చెప్పు. పీరియడ్స్ ఆగిపోయాయి ఇంకెందుకు అంటారావిడ, కానీ 65 దాకా చేయించుకోవాల్సిందే. ఆగిపోయాక కాస్త మరక కనపడినా టెస్టు తేదీ కోసం చూడకుండా నేరుగా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళు. మీ పనామెకు డబ్బు ఇబ్బందైతే బస్తీ దవాఖానాలో అడగమను, సర్కారు ఆసుపత్రుల్లో వెనిగర్ లాంటి ద్రావణం రాసి చూసే వీఐఏ పరీక్ష ఉచితంగా చేస్తారు, ఎక్కడికి వెళ్ళాలో వాళ్ళే చెప్తారు.

పాపకు తొమ్మిది నిండాయి కాబట్టి హెచ్‌పీవీ రాకుండా వేసే వ్యాక్సిన్ సంగతి కూడా అదే రోజు డాక్టర్‌ని అడిగెయ్. పుణేలో సీరం ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు చేసిన సర్వావాక్ 2023 నుంచి మన దగ్గరా ఉంది, 14 ఏళ్ళ లోపైతే రెండు డోసులు. అది పెద్దయ్యాక టెస్టులు మాత్రం దానికీ తప్పవు.

శనివారం అపాయింట్‌మెంట్ తీసుకో. పాపను పొద్దున్నే నా దగ్గర దింపెయ్, కొండాపూర్ నుంచి రామ్‌నగర్‌కి ఆ టైంలో అయితే ట్రాఫిక్ ఉండదు. తోడు రమ్మంటే నేనే వస్తా, పాపను మీ నాన్న చూసుకుంటారు.

మమ్మీ