లైసిన్ బస్తా మీద రాత చూపించమని అడుగుదాం

సంపాదకుల వారికి నమస్కారం.

కోళ్ళ దాణాలో కలిపే లైసిన్‌ను (మాంసకృత్తులను కట్టే అమైనో ఆమ్లాల్లో ఇదొకటి) జన్యువులు మార్చిన బ్యాక్టీరియాతో చేస్తారనీ, ఆ బ్యాక్టీరియా గుడ్డులోకీ అక్కణ్ణుంచి మనిషిలోకీ వస్తుందనీ పోయిన వారం మీ పేజీలో ఒక పాఠకుడు రాశారు. మాది తాడిపత్రి దగ్గర పల్లె. రెండు వందల నాటుకోళ్ళు పెంచుతున్నా, దాణా నేనే కలుపుకుంటా. ఆ ఉత్తరం వచ్చిన మూడో రోజు, నాలుగేళ్ళుగా నా దగ్గరే గుడ్లు కొనే అక్క ఒకామె గుడ్డును చేతిలో తిప్పి తిప్పి చూసి, "దీంట్లో ఆ పురుగు ఉందా?" అని అడిగి, తీసుకోకుండానే వెళ్ళిపోయింది. అందుకే రాస్తున్నా.

ఆయన చెప్పిన మొదటి మాట నిజమే, రెండోది కాదు.

మా దాణాలో మొక్కజొన్న, చెనక్కాయ చెక్క ఎక్కువ. రెండింట్లోనూ లైసిన్ తక్కువ, కోడి దాన్ని సొంతంగా తయారుచేసుకోలేదు. రెండు మల్లెలకో కనకాంబరం చొప్పున మాల కడుతుంటే కనకాంబరాలు అయిపోయాయనుకోండి, బుట్టలో మల్లెలు ఎన్నున్నా మాల అక్కడే ఆగిపోతుంది. అలాగే లైసిన్ చాలకపోతే మిగతా మాంసకృత్తులు కండ పట్టకుండా రెట్టలో పోతాయి, షెడ్డులో ఘాటు వాసన పెరగడానికి అదీ ఒక కారణం. అందుకే వంద కిలోలకు పావుకిలో లైసిన్ కలుపుతా.

ఇక ఆ లైసిన్ ఎలా తయారవుతుందో చెప్తా. 1956లో జపాన్‌లో కినోషితా అనే శాస్త్రవేత్త బృందం కొరినీబ్యాక్టీరియం గ్లుటామికం అనే మట్టి బ్యాక్టీరియాను కనిపెట్టింది. అది చక్కెర తిని గ్లుటామేట్ అనే అమైనో ఆమ్లాన్ని బయటికి వదులుతుంది. లైసిన్ విషయంలో మాత్రం దానికో అడ్డు ఉంది: లైసిన్, త్రియోనిన్ సరిపడా పోగవగానే ఆ రెండూ కలిసి, తయారీకి కావాల్సిన ఒక ఎంజైమును ఆపేస్తాయి. ఒకప్పుడు రసాయనాలు, కిరణాలు తగిలించి, ఆ అడ్డు పోయిన బ్యాక్టీరియాను ఏరుకునేవారు, ఇప్పుడు జన్యువునే నేరుగా సవరిస్తున్నారు. మొలాసిస్ గానీ మొక్కజొన్న గ్లూకోజ్ గానీ పోసి, గాలి పంపుతూ, 30 డిగ్రీల దగ్గర పెద్ద ట్యాంకుల్లో పులియబెట్టి, బ్యాక్టీరియాను వేరుచేసి, శుద్ధిచేసి, లైసిన్ హైడ్రోక్లోరైడ్ పలుకులుగా ఎండబెడతారు. చెక్కలో ఉండే లైసిన్, ఈ లైసిన్ ఒకటే, కోడి కడుపులో రెండింటికీ తేడా లేదు.

భయపడాల్సింది శుద్ధి దగ్గర. 1989లో అమెరికాలో నిద్ర కోసమని, లైసిన్ లాగే బ్యాక్టీరియాతో చేసే ట్రిప్టోఫాన్ అనే ఇంకో అమైనో ఆమ్లం మాత్రలు వేసుకున్నవాళ్ళలో 1500 మందికి పైగా జబ్బుపడ్డారు, 30 మందికి పైగా చనిపోయారు. ఆ సరుకు చాలావరకు జపాన్‌లోని షోవా డెంకో కంపెనీది. వాళ్ళు బ్యాక్టీరియా రకాన్ని మార్చిన రోజుల్లోనే, వడకట్టడానికి వాడే బొగ్గుపొడినీ తగ్గించారు. సరుకులో ఉండకూడని మలినాలు తర్వాత పరీక్షల్లో బయటపడ్డాయి.

ఇక నా సంగతి. పోయిన సంక్రాంతి ముందు ఒక దాణా అంగట్లో, విప్పిన బస్తాలోంచి కవర్లో పోసిచ్చిన లైసిన్ రెండు కిలోలు తెచ్చా. నెల తిరిగినా కోడిపిల్లలు ఎదగలేదు, రెక్కల ఈకలు సరిగా రాలేదు. అనుమానమొచ్చి గాజు గ్లాసులో నీళ్ళు పోసి ఒక చెంచా వేసి కలిపా. హైడ్రోక్లోరైడ్ రకం నీళ్ళలో పూర్తిగా కరగాలి, నా గ్లాసులో మాత్రం మడ్డి అడుగున నిలిచింది. లైసిన్ సల్ఫేట్ అని ఇంకో రకం ఉంది, అందులో పులియబెట్టిన మడ్డి కూడా కలిసి ఎండుతుంది, లైసిన్ 50–55 శాతమే ఉంటుంది. హైడ్రోక్లోరైడ్‌లో 78 శాతం. నాకిచ్చింది సల్ఫేటో, పిండి కలిపిన సరుకో బస్తా మీద రాత చూడకుండా తేలదు, ఆ రాతే నాకు చూపించలేదు.

పశుసంవర్ధక శాఖ వారిని అడిగేది ఇంతే. లైసిన్‌ను విడిగా అమ్మనివ్వకండి, మాలాంటి చిన్న రైతులకు సీలు వేసిన కిలో, రెండు కిలోల ప్యాకెట్లు దొరికేలా చూడండి, రకం, శాతం, బ్యాచ్ నంబరు తెలుగులో వేయించండి. అనుమానమొస్తే శాంపిల్ ఎవరికివ్వాలో మండలంలోని పశువుల ఆసుపత్రి గోడ మీద రాయించండి.

– ఒక నాటుకోళ్ళ రైతు, తాడిపత్రి మండలం, అనంతపురం జిల్లా