చిన్నోడికి నాన్న రాసే ఉత్తరం

పెదజాలరిపేట, విశాఖపట్నం

నాన్నా చిన్నోడా,

ఇక్కడ అందరం బాగున్నాం. వంటింటి మీద రేకు మార్పించాను. మీ అమ్మ మోకాలి నొప్పి అలాగే ఉంది. నువ్వు ఫోన్ చేసి పదకొండు రోజులైంది. అండమాన్ దీవుల్లో సిగ్నల్ దొరకదని తెలుసు, అందుకోసం రాస్తున్నానని అనుకోకు.

మొన్న ఓడ దిగిన సూరి హార్బర్‌లో కనిపించి, నీ కుడిచేతికి కట్టు చూశానన్నాడు. మీ అమ్మకి చెప్పలేదు.

మీ బోటు మీద సరదాగా గాలం వేయడానికి వచ్చిన గెస్టులు పార చేపని పట్టి, ఫోటో దిగి మళ్లీ నీళ్లలో వదిలేస్తారన్నావు. మొదట్లో నాకు మనసొప్పలేదు గానీ, అంతంత పార పెరగాలంటే ఎన్నేళ్లు పడుతుందో తలుచుకుంటే మంచి పనే. కానీ చివర్లో దాన్ని బోటు పక్కకి లాగేది నువ్వు కదా. లీడర్ దారం, అదే గాలం దగ్గరుండే గట్టి దారం, అరచేతికి చుట్టుకోకురా.

నువ్వు నాలుగో తరగతిలో ఉండగా, భీమిలికి ఎదురుగా వేటలో నా గాలానికి సూర చేప పడింది. పట్టు జారుతోందని తాడు చేతికి రెండు చుట్లు తిప్పాను. అది ఒక్కసారిగా అడుక్కి దిగింది. నేను ఎడంచేత్తో కత్తి వెతుక్కునే లోపే తాడు ఎముక దాకా కోసుకుపోయింది. మీ పెదనాన్న తాడు తెంపకపోతే నేనూ దాని వెంటే పోయేవాణ్ణి. నెల రోజులు మీ అమ్మ ముద్దలు కలిపి పెట్టింది. నా చొక్కా గుండీలు నువ్వే పెట్టేవాడివి, ఒకటి పైకీ ఒకటి కిందకీ. ఆ చేతి వేళ్లు రెండు ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోవు.

కత్తిలాంటి ముక్కున్న కొమ్ముకోనాం చేప పడితే ఫోటో కోసం దగ్గరకి లాగకు. 2022లో ముత్యాలమ్మపాలెం మనిషిని అదే కదా పొడిచి చంపింది! గెస్టులు బారెన్ అగ్నిపర్వతం దాకా పోదామంటే, వాతావరణం చూడకుండా ఒప్పుకోకు. 2014లో హుద్‌హుద్ తుఫాను ముందు మీ లాంగ్ ఐలాండ్ దాటి, నాలుగు రోజులకి మన ఇంటి రేకులు లేపుకుపోయింది. అక్కడ అల్పపీడనం అంటే ఇక్కడ నాకు నిద్రుండదు.

ఏప్రిల్ 15 నుంచి వేట నిషేధం, బోట్లన్నీ జెట్టీకే ఉంటాయి. వీలైతే అప్పుడు రా.

సూరి మళ్లీ ఓడెక్కుతున్నాడు. అతనితో ఎండు నెత్తళ్లు, ఆవకాయ, రెండు జతల గ్లౌజులు పంపిస్తున్నాను. నా చేతికి సరిపోయిన దానికంటే ఒక సైజు పెద్దవి తీసుకున్నాను. తడిసినవి ఆరబెట్టి రెండో జత వేసుకో.

ఫోన్ చేసినా సరే, ఒక ఉత్తరం కూడా రాయి. కుడిచేత్తోనే రాయి, నీ అక్షరం చూస్తే నాకు తెలుస్తుంది.

మీ నాన్న